రోజుకు ఒక మిల్లీమీటరు



జూన్‌లో కిటికీ అద్దం పగిలి, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి కుడి మణికట్టు తెగింది. బొటనవేలికి, చూపుడువేలికి, మధ్యవేలికి స్పర్శనిచ్చే నరం రెండు ముక్కలైంది. డాక్టరు మైక్రోస్కోపు కింద వెంట్రుక కంటే సన్నని దారంతో కుట్టారు. కుట్లు విప్పేశారు కాబట్టి చెయ్యి బాగైనట్టే అనుకున్నాను. వీక్లీ టెస్టు దగ్గర పడుతోందని పెన్ను చేతికిచ్చాను. "పట్టుకున్నట్టే తెలియడం లేదమ్మా" అన్నాడు. "రాస్తూ ఉంటే అదే వస్తుంది" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్నే గుచ్చుతోంది.

తర్వాత వెళ్లినప్పుడు డాక్టరు ఓపికగా చెప్పారు. నరం కుట్టడమంటే తెగిన వైరు అతికించడం కాదట. తెగిన చోటు నుంచి వేళ్ల వైపున్న నరం పోగులు చచ్చిపోతాయి. పాత తొడుగు మాత్రం దారిగా మిగులుతుంది. అందులోంచి కొత్త పోగులు వేలి కొస దాకా పెరగాలి, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున. ఇంటికొచ్చి స్కేలుతో కొలిచాను: 16 సెంటీమీటర్లు!

ఎందుకింత నెమ్మది? డిగ్రీలో జువాలజీ చదివినదాన్ని, పాత పుస్తకాలు తీశాను. పెరిగే పోగు కొసను 1890లో స్పెయిన్ శాస్త్రవేత్త రమోన్ ఇ కహాల్ కోడి పిండంలో చూశారు. కాకర తీగ పందిరి కోసం తడుముకున్నట్టు ఆ కొస దారి వెతుక్కుంటుంది. అలా ముందుకు చాచే వేళ్లు ఆక్టిన్ అనే ప్రోటీన్‌వి. వెనక నుంచి ట్యూబులిన్ అనే ఇంకో ప్రోటీన్ సన్నని గొట్టాలు కట్టి, వేసిన అడుగును నిలబెడుతుంది. ఈ సరుకులో ఎక్కువ భాగం మెడ దగ్గరున్న నాడీకణంలో తయారై, చెయ్యి పొడవునా నడిచి రావాలి. ట్యూబులిన్ నడకా దాదాపు రోజుకు మిల్లీమీటరు లెక్కనే.

మన గుమ్మాల ముందు పూసే బిళ్లగన్నేరు తెలుసు కదా? పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ ఆ మొక్క నుంచే వస్తుంది. అది ట్యూబులిన్‌ను గొట్టాలు కట్టనివ్వదు. అందుకే క్యాన్సర్ కణాలు విడిపోలేవు. నరాలకూ ఆ గొట్టాలే ఆధారం గనుక, ఆ మందు వాడేవారిలో చాలామందికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

వెన్నుపాములో తెగితే ఈ మాత్రం పెరుగుదల కూడా ఉండదు. అక్కడ పోగు కొస ఉబ్బి, లోపలి గొట్టాలు చెదిరి, ఆగిపోతుంది. మావాడిది మణికట్టు కావడం అదృష్టం.

టానిక్ ఏదైనా రాయమంటే డాక్టరు నవ్వి, చేతి మీద వేలితో తట్టి చూడడం నేర్పారు. పెరుగుతున్న కొస ఎక్కడుంటే అక్కడ తట్టగానే వేళ్లలోకి జివ్వుమంటుంది. ప్రతి ఆదివారం వాడే తట్టుకుని బాల్‌పెన్‌తో చుక్క పెట్టుకుంటాడు, నేను ఫోన్‌లో ఫొటో తీస్తాను. మొదటి నెల చుక్క కదలనే లేదు. టెస్టుల సంగతి క్లాస్ టీచర్‌తో మాట్లాడాను. ప్రస్తుతానికి జవాబులు నోటితో చెబుతున్నాడు.

మొన్నటి చుక్క చూపుడువేలి మొదటి కణుపు దాటింది.