బోనులో నిలిచిన న్యాయశాస్త్ర విద్యార్థి

మమ్ములను వకీలుగా చూడాలని మా అబ్బాజాన్ కోరిక. బెళుగుప్పలో వేరుసెనగ చేను తప్ప వేరే ఆధారం లేని కుటుంబం మాది. వాన ముఖం చాటేసిన ఏట విత్తనం కూడా తిరిగి వచ్చేది కాదు. "నల్లకోటు వేసుకున్నవానికి మబ్బుతో పనిలేదు బేటా" అనేవారాయన.

ఆ మాటను తర్కించుకున్నప్పుడల్లా మా జిల్లావాసి తరిమెల నాగిరెడ్డి గారు మా స్మృతిపథంలో మెదలుతారు. 1917లో తరిమెల గ్రామంలో, సంపన్న భూస్వామి కుటుంబంలో జన్మించిన ఆయన రిషీవ్యాలీలోను, మద్రాసు లయోలా కళాశాలలోను చదివి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం అభ్యసించారు. కాని కక్షిదారుల ఫీజులతో స్థిరపడే మార్గం ఆయనకు రుచించలేదు. కమ్యూనిస్టు ఉద్యమంలో ప్రవేశించారు.

1952లో అనంతపురం నుండి మద్రాసు శాసనసభకు పోటీచేసి నీలం సంజీవరెడ్డి గారిని ఓడించారు. వారిరువురు బావాబావమరదులు! ఓడినవారు 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి అయ్యారు. గెలిచినవారి దారి వేరు. 1957లో అనంతపురం నుండి లోక్‌సభకు, 1962లో పుట్లూరు నుండి, 1967లో అనంతపురం నుండి రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. ఢిల్లీ నుండి హైదరాబాదుకు రావడం కొందరికి మెట్టు దిగడంగా తోచవచ్చు. మాకట్లా తోచదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో భూమి, సేద్యం, నీటిపారుదల రాష్ట్ర జాబితాలోనివి. కరవుసీమ ప్రతినిధి అడగవలసిన ప్రశ్నలలో అధికభాగం అక్కడివే.

1969లో ఆ శాసనసభ్యత్వానికే ఆయన రాజీనామా చేశారు. చట్టసభల వల్ల పేదలకు భూమి దక్కదని ఆయన నిశ్చయం. ఈ విషయంలో మేము ఏకీభవించలేము. మా ఊరివంటి ఊళ్ల పక్షాన సభలో లేచే గొంతు ఒక్కటి తగ్గినా నష్టమే. అయినా పదవిని చేజేతులా వదలుకున్న ఆ తెగువను కాదనలేము. తరువాత హైదరాబాదు కుట్రకేసులో ముద్దాయిగా ఆయన న్యాయస్థానానికి సమర్పించిన వాఙ్మూలమే 'తాకట్టులో భారతదేశం' అనే గ్రంథమయింది. కాశీలో నేర్చిన శాస్త్రం ముద్దాయి చేతిలో అక్కరకు వచ్చింది! అత్యవసర పరిస్థితి కాలంలో, అజ్ఞాతంలో ఉండగా, 1976 జూలై 28న కన్నుమూశారు.

మేము వకీలు కాలేదు. ఫీజు కట్టవలసిన ఏడే చేను ఎండింది. ముందుగానే కొని ఉంచిన పాత న్యాయశాస్త్ర గ్రంథాలు రెండు మా ఇంటి పెట్టెలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. మన కళాశాల నుండి న్యాయవిద్యకు పోయే విద్యార్థి ఎవరైనా వచ్చి తీసుకుపోవచ్చు.