తీగ తెగినా పాట ఆగలేదు

మా బృందంలో పల్లవి ఎత్తుకునే నేస్తం వాళ్ళ నాన్నగారి బదిలీతో జమ్మూ వెళ్ళిపోయింది. ఇక వార్షికోత్సవంలో పాడవద్దనుకుని పేర్లు తీయించుకున్నాం.

ఆ ఆదివారం మధ్యాహ్నం మాలో ఒకరి అక్కయ్య మమ్మల్ని బెంగళూరులోనే ఒక చిన్న క్లబ్బులో రాక్ కచేరీకి తీసుకెళ్ళింది. ఈ ఊళ్ళోనే 1996లో మొదలైన 'థర్మల్ అండ్ ఎ క్వార్టర్' లాగే ఈ కుర్రాళ్ళూ సొంత పాటలే పాడతారట. వినేవాళ్ళు 60 మంది కూడా లేరు. డ్రమ్ము మోగితే మా గుండెలు అదిరాయి. నడుమ గిటార్ తీగ తెగింది. అతను తీగ మార్చుకునేదాకా మిగతావాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. మేమంతా చప్పట్లతో తాళం వేశాం.

మరునాడు ప్రార్థన కాగానే సంగీతం మేడమ్ దగ్గరికెళ్ళి మా పేర్లు మళ్ళీ రాయించాం. ఆ పల్లవి ఇప్పుడు అందరం కలిసి ఎత్తుకుంటున్నాం.