నేల అడుగున శీతకాలం

కాకేసస్ పర్వతాలకు దక్షిణాన, జార్జియా దేశపు కఖేతీ సీమలో, అలజానీ నది లోయ పొడవునా ద్రాక్షతోటలే. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో అక్కడికి వెళ్ళిన యాత్రికునికి కోతల సందడి, పాటలు, విందులు స్వాగతం పలుకుతాయి. ఆ పండుగ పేరు 'ర్త్వేలీ'. జనవరిలో వెళ్ళినవానికి మోడువారిన తీగలూ, మూసిన తలుపులూ మాత్రమే కనిపిస్తాయి. చూడదగినదంతా అప్పుడు నేల అడుగున ఉంటుంది.

పల్లెలలో చాలా ఇళ్ళకు 'మరానీ' అనే వైన్ గది ఉన్నది. దాని నేలలో మూతిదాకా పాతిన, కోడిగుడ్డు ఆకారపు మట్టి బానలే క్వెవ్రీలు. లోపల తేనెమైనపు పూత. తొక్కలతో, గింజలతో సహా పోసిన ద్రాక్షరసం అందులో పులిసి, పొంగు చల్లారిన తరువాత మూతపెట్టి మట్టితో మెత్తుతారు. ఇక గృహస్థునికి మిగిలేది నిరీక్షణ. గాలి చొరబడితే ఏడాది శ్రమ పుల్లని సిర్కా అవుతుంది. తెరచి చూద్దామంటే, తెరవటమే గాలికి దారి ఇవ్వటం. చేతులు కట్టుకుని కూర్చోవటం ఇంత కష్టమైన వృత్తి మరొకటి ఉండదేమో!

నిజానికి చేతులు ఖాళీగా ఉండవు. మిగిలిన పిప్పితో 'చాచా' అనే ఘాటైన సారా కాచాలి. చలి తగ్గుముఖం పట్టగానే తీగలు కత్తిరించాలి. అన్నిటికన్నా కష్టం, ఖాళీ అయిన క్వెవ్రీని కడగటం. పొడవాటి కర్రకు చెర్రీ బెరడుతో కట్టిన కుంచెను తగిలించి, నీరు తేటగా వచ్చేదాకా రుద్దుతారు. పెద్ద బాన అయితే మనిషే దిగాలి. అడుగున బొగ్గుపులుసు వాయువు నిలచి ఉంటే ప్రాణానికే ముప్పు. పూడిక తీయబోయే ముందు పాతబావిలోకి దీపం దింపి చూసే మన రైతుకు ఈ జాగ్రత్త కొత్త కాదు.

టిబిలిసీకి దక్షిణాన దొరికిన కుండపెంకులలో సుమారు 8,000 ఏళ్ళ నాటి వైన్ జాడలున్నట్లు 2017లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఇంత ప్రాచీన విద్యకూ గడ్డుకాలం తప్పలేదు. 1985లో సోవియట్ ప్రభుత్వం మద్యంపై చేపట్టిన ఉద్యమంలో ఎన్నో తోటలు నేలమట్టమైనాయి. కర్మాగారాలు విడిచిపెట్టిన క్వెవ్రీని నిలుపుకొన్నది పల్లెటూరి ఇల్లే. 2013లో యునెస్కో గుర్తించినది ఆ ఇంటి విద్యనే.

వసంతంలో ఒకనాడు ఇరుగుపొరుగు చేరతారు. ఇంటి యజమాని మోకాళ్ళపై కూర్చుని ఎండిన మట్టిని గీకి, మూత ఎత్తి, ముందుగా వాసన చూస్తాడు. తరువాత సొరబుర్రతో చేసిన పొడవాటి గరిటెను లోపలికి దింపుతాడు. అతడు తల ఎత్తేదాకా ఎవరూ మాట్లాడరు.