సందు పేరు

2023 అక్టోబర్ చివర్లో ఒక శుక్రవారం. జుమా నమాజ్ అయ్యాక చెప్పులేసుకుంటూ ఫోన్ తీసి చూస్తే మా మొహల్లా గ్రూపులో నలభై ఏడు మెసేజీలు. మామూలుగా ఆ గ్రూపులో ఏముంటాయి? ఎవరి జనాజా ఎన్నింటికి, ఎవరి అమ్మాయి నికాహ్ ఎక్కడ, మస్జిద్ మోటారు కాలిపోయింది చందా ఇవ్వండి, వజూ ఖానా దగ్గర కుళాయి సరిగా కట్టి పోండి. ఆ రోజు మాత్రం ఒక ఫోటో తిరుగుతోంది. మన గుంటూరు జిల్లాలోనే ఉన్న యూదుల ప్రార్థనా మందిరం ఫోటో. కింద రెండు ముక్కలు: ‘యహూదీలు మన పక్కనే ఉన్నారు. అందరికీ పంపండి.’

పంపినవాడు చెడ్డవాడు కాదు. ఇరవై రెండేళ్ల కుర్రాడు, కాకుమానులో సెల్ షాపులో పనిచేస్తాడు. గాజాలో చచ్చిపోయిన పసిపిల్లల వీడియోలు చూసి రాత్రుళ్లు అన్నం మానేశాడని వాళ్లమ్మీ మా ఇంట్లో చెప్పుకుని ఏడ్చింది. ఆ దర్ద్ నాకూ ఉంది. కానీ ఆ ఫోటో చూడగానే నా గుండె ఝల్లుమన్నది వేరే సంగతికి. ఇరవై ఏళ్ల క్రితం అలాంటి పని నేనే చేశాను. అదీ పేపర్లో, నా పేరుతో.

ముందు వాళ్లెవరో చెప్పాలి. పొన్నూరు మీదుగా గుంటూరు వెళ్లే బస్సెక్కితే దారిలో చేబ్రోలు వస్తుంది, చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉన్న ఊరు. దాని పక్కనే కొత్తరెడ్డిపాలెం. అక్కడ కొన్ని పదుల కుటుంబాలు తాము యూదులమని, ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకుంటారు. బెనె ఎఫ్రాయిం అంటారు వాళ్లని. మాదిగ కుటుంబాలు. పెద్దలు క్రైస్తవంలోకి వెళ్లారు, తర్వాతి తరం వాళ్లు 1990ల మొదట్లో అక్కడే ప్రార్థనా మందిరం పెట్టుకుని యూదు ఆచారాల్లోకి వచ్చారు. ష్ముయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అన్నదమ్ములు దీనికి ముందు నిలబడ్డారు. ఇంట్లో మాట్లాడేది మన తెలుగే, దువాలో మాత్రం హీబ్రూ. వీళ్ల మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి రాసిన ఇంగ్లీషు పుస్తకం 2013లో వచ్చింది. రాసిన ఇద్దరిలో ఒకాయనది మనవాళ్ల పేరు కావడం నాకెందుకో ఖుషీగా అనిపించింది.

ఊరి పేరు రాస్తున్నాను, ఎందుకంటే అది పుస్తకాలకెక్కింది. సందు పేరు రాయను.

2003లో రాశాను. అప్పుడు నాకు ఇరవై నిండి రెండు మూడేళ్లు. ఉర్దూ మీడియంలో చదువుకుని, డిగ్రీలో తెలుగు తీసుకుని, ‘తురకోడికి తెలుగేంట్రా’ అన్న ప్రతివాడికీ నా పేరు అచ్చులో చూపించాలనే జోష్‌లో ఉన్న విలేకరిని. పేపరు పేరు ఇప్పుడు వద్దు. జిల్లా టాబ్లాయిడ్‌లో అర పేజీ వచ్చింది. ‘మన మధ్యే యూదులు’ అని ఏదో హెడ్డింగ్. బస్సు ఎక్కడ దిగాలి, ఏ సందులోకి తిరగాలి, ఎన్ని ఇళ్లు, ఎవరింట్లో పిల్లలెందరు, శుక్రవారం పొద్దుగూకే వేళ దీపాలు వెలిగించి అందరూ ఒకే గదిలో చేరతారు, అన్నీ రాశాను. వివరం ఎంత ఎక్కువుంటే అంత మంచి రిపోర్టరనుకునే వయసు అది. డెస్కులో సీనియర్ కూడా భుజం తట్టాడు.

మరుసటి ఏడు, 2004లో, లష్కరే తోయిబాతో సంబంధం ఉన్నవాళ్లు ఈ కుటుంబాల మీద దాడికి పథకం వేశారని పోలీసులు చెప్పినట్టు వార్తలొచ్చాయి. నేను ఆఫీసులో టీ తాగుతున్నాను. గ్లాసు అక్కడే పెట్టేశాను. నా అర పేజీ ఎవరైనా చదివారో లేదో అల్లాకే తెలుసు. చదివి ఉండరనే నా అక్ల్ చెప్పింది. దిల్ ఒప్పుకోలేదు. ఇంకో సంగతీ ఉంది. ఆ వార్త తర్వాత శక్ ఎవరి మీదికి మళ్లిందో వేరే చెప్పాలా? గడ్డం ఉన్న ప్రతివాడి మీదికీ. అటు వాళ్లకి ఖౌఫ్, ఇటు మాకు ఖౌఫ్. మధ్యలో నేను రాసిన సందు పేరు.

పది రోజులు ఆగి వెళ్లాను. అంతకుముందు నాకు మజ్జిగిచ్చి అన్నీ ఓపిగ్గా చెప్పిన పెద్దాయన అరుగు మీదే ఉన్నాడు. మాఫీ అడగాలని మాటలు పేర్చుకుని వెళ్లాను గానీ నోరు పెగల్లేదు. ఆయనే అన్నాడు: ‘మా ఇంటికి దారి బాగా రాశావు బాబూ. చుట్టాలొస్తే నీ పేపరే ఇద్దామనుకున్నాం.’ నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. కాసేపాగి, ‘నువ్వు అడిగావు, మేం చెప్పాం. నీకు చెప్పడం వేరు, నలుగురికి చెప్పడం వేరు. అది నీకు తెలుసనుకున్నాం’ అన్నాడు.

మా నానీ అయితే దీనికి ఒకటే లఫ్జ్ వాడేది, అమానత్. ఒకరు నమ్మి నీ దగ్గర దాచిన సొమ్ము అమానత్ అయితే, నమ్మి చెప్పిన మాటా అమానతే. మన దీన్‌లో గీబత్ గురించి చిన్నప్పుడు మౌల్వీసాబ్ చెప్పినప్పుడు, అబద్ధం చెప్తేనే గునాహ్ అనుకునేవాణ్ణి. కాదు. ఉన్నమాట చెప్తేనే గీబత్, లేనిది చెప్తే బోహ్‌తాన్, అది మరో నేరం. చచ్చిన తమ్ముడి మాంసం తినడంతో గీబత్‌ని పోల్చింది సూరా హుజురాత్. ఖబర్ వస్తే ముందు తహ్‌కీక్ చేసుకోమని చెప్పిందీ ఆ సూరాయే. నా జర్నలిజం పాఠం మొత్తం అందులో ఉంటే, నేను దాన్ని ఎక్కడెక్కడో వెతికాను.

యూదుల్లోనూ ఇదే ఉందని తర్వాత తెలిసింది. వాళ్లు ‘లషోన్ హరా’ అంటారు, చెడు నాలుక అని. అక్కడా అంతే, మాట నిజమైనా సరే, అవతలివాడికి హాని చేస్తే అనకూడదు. ఇస్రాయేల్ మేయిర్ కాగన్ అనే రబ్బీ ఈ ఒక్క విషయం మీదే 1873లో పెద్ద పుస్తకం అచ్చేశాడు. ఏది అనొచ్చు, ఏది అనకూడదు, వినడం కూడా తప్పెప్పుడు, అన్నీ కాయిదాగా. యహూదీ అనే మాటని మనం మొహల్లాలో తిట్టుగా వాడతాం. పిసినారిని, మోసగాణ్ణి అలా అంటాం. నేనూ అన్నాను. వాళ్ల జుబాన్ అదబ్, మన జుబాన్ అదబ్ ఇంత దగ్గరగా ఉన్నాయని ఏ ఉస్తాదూ మాకు చెప్పలేదు.

కలకత్తాలో మాగెన్ దావీద్ సినగాగ్‌ని తరాలుగా చూసుకుంటున్నది ముస్లింలే. అక్కడి యూదు బాలికల బడిలో చదివే పిల్లల్లో ఎక్కువమంది మన పిల్లలే. ఇది కూడా ఫార్వర్డ్ చేయదగ్గ ఖబరే, ఎవరూ చేయరు.

కుర్రాడికి ఫోన్ చేశాను. తిట్టలేదు. తిడితే ఫోన్ పెట్టేసి ఇంకో పది గ్రూపులకు పంపుతాడు. సాయంత్రం టీ కొట్టు దగ్గరికి రమ్మన్నాను. 2008 నవంబర్ సంగతి చెప్పాను. ముంబైలో నరీమన్ హౌస్ మీద కూడా దాడి జరిగింది, అదొక యూదు అతిథి గృహం. రబ్బీ గావ్రియేల్ హోల్జ్‌బర్గ్, ఆయన భార్య రివ్కా చనిపోయారు, రెండేళ్ల బిడ్డను ఆయా సాండ్రా శామ్యూల్ చంకనేసుకుని బయటికి తెచ్చింది. ఆ మూడు రోజులూ టీవీలు లైవ్ చూపించాయి. పాకిస్తాన్‌లో కూర్చున్నవాళ్లు అదే చూస్తూ ఇక్కడివాళ్లకు ఫోన్లో ఏం చేయాలో చెప్పారు. 2012 ఆగస్టులో కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఆ ఛానెళ్లను గట్టిగా మందలించింది. ‘ఆ తీర్పిచ్చిన ఇద్దరిలో ఒకరు జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం’ అన్నాను. కుర్రాడు తలెత్తాడు.

‘నేనేం దాడి చేయమనలేదు గదా భాయ్’ అన్నాడు.

‘నేనూ అనలేదు’ అన్నాను. అప్పుడు నా అర పేజీ సంగతి చెప్పాను. ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు అప్పటిదాకా.

చాలాసేపు టీ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత, ‘మన మస్జిద్ ఫోటో ఎవడో ఇలా పెడితే?’ అని తనే అడిగాడు. పెడుతున్నారు గదా. తరావీహ్‌కి ఎంతమంది వచ్చారో, ఎవరింట్లో మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్నారో, ఉమ్రాకి ఎవరు ఏ తేదీన పోతున్నారో, ఎయిర్‌పోర్టు నుంచి సెల్ఫీతో సహా మనమే పెడుతున్నాం. ఇంటికి తాళమని ఊరంతా చాటింపు. మక్తబ్‌లో ఆడపిల్లల ఫోటోలు, కింద పేర్లు. గ్రూపులో రెండొందల పైన నంబర్లు, అందులో ముప్ఫై ఎవరివో అడ్మిన్ చాచాకే తెలీదు. చందా కోసం పెట్టిన ఖాతా నంబరును అడ్డం పెట్టుకుని ఒకడు చాచాలాగే మెసేజ్ చేసి ఒక ఖాలా దగ్గర నాలుగు వేలు లాగేశాడు. 1930కి ఫోన్ చేయాలని మాలో ఒక్కరికీ తోచలేదు, రెండు రోజులు దువా చేస్తూ కూర్చున్నాం.

చాచాకి చెప్పి ఆ రాత్రే కొన్ని మార్చాం. తెలియని నంబర్లు తీసేశాం. చాలామందికి కోపమొచ్చింది, ఒకాయన ‘నా పోలీసువా నువ్వు’ అన్నాడు. ఫంక్షన్ ఫోటోలు ఫంక్షన్ అయిపోయాకే. పిల్లల ఫోటోలు వాళ్లమ్మీ ఇజాజత్ ఉంటేనే. ప్రయాణం కబుర్లు తిరిగొచ్చాక. ఇంకో మతంవాళ్ల ఇళ్లు, గుళ్లు, మనుషుల ఫోటోలు బొత్తిగా వద్దు, పొగడడానికైనా సరే. ఈ చివరిది నేను పట్టుబట్టి పెట్టించాను. ఎందుకని అడిగితే, ‘ఊరికే’ అన్నాను.

ఇక ఆ ఫోటో. వాట్సాప్‌లో అందరి దగ్గరా చెరిపేయడానికి రెండు రోజుల చిల్లర టైమ్ ఉంటుంది. కుర్రాడు మా గ్రూపులో వెంటనే తీసేశాడు. ఇంకెన్నింటికి పంపావంటే వేళ్ల మీద లెక్కపెట్టి ఏడన్నాడు. ఆదివారం రాత్రి ఇషా అయ్యాక మస్జిద్ మెట్ల మీద కూర్చుని ఒక్కోటీ చూశాం. నాలుగింటిలో పోయింది. ఒకదాంట్లో అప్పటికే ఎవరో సేవ్ చేసుకుని స్టేటస్ పెట్టుకున్నారు. ఆ నంబర్ బాపట్లదట. కుర్రాడు సలాం పెట్టి, ‘అన్నా, ఒక చిన్న మాట’ అని టైప్ చేసి, ఏం రాయాలా అని నా వైపు చూశాడు.