సముద్రతీరం – వీధి కుళాయి

నా పెద్ద కుమారుడు ఉద్యోగరీత్యా ఫ్రాన్సు దేశపు దక్షిణ తీరంలో, ఆంతీబ్ పట్టణానికి సమీపాన నివసిస్తున్నాడు. అల్లాహ్ అనుగ్రహంతో నిరుటి వేసవిలో రెండు నెలలు వాళ్ల దగ్గర గడిపే అవకాశం నాకు లభించింది. ఒక ఆదివారం ఉదయం ఏడేళ్ల నా మనవడు కేన్స్ సముద్రతీరానికి వెళ్దామని పట్టుబట్టాడు.

చలనచిత్రోత్సవాల కారణంగా ఆ పట్టణం పేరు మనలో చాలామందికి తెలిసినదే. నాకు మాత్రం మరొక కారణంగా కూడా గుర్తుంది. 2016 జులై 14న పొరుగునే ఉన్న నైస్ నగరంలో 86 మందిని బలిగొన్న ఘాతుకం జరిగింది. ఆ తర్వాత కొద్ది రోజులకే, మతాన్ని చాటే దుస్తులతో తీరానికి రాకూడదని కేన్స్ మేయరు ఉత్తర్వు జారీ చేశారు. ఒంటిని పూర్తిగా కప్పే బుర్కినీ గురించే ఆ ఉత్తర్వని అందరూ గ్రహించారు. ఆగస్టు 26న అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం విల్నవ్ లూబే అనే మరో పట్టణం విధించిన ఇలాంటి నిషేధాన్నే నిలిపివేసింది. అయినా నా మనసులో జంకు పోలేదు.

"హిజాబ్‌తో ఉన్న ముసలిదాన్ని, నేనెందుకు? మీరు వెళ్లి రండి" అన్నాను.

"అమ్మీ, అది టిక్కెట్టు లేని తీరం. ఎవరైనా రావచ్చు" అని కోడలు నా చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

రైలు సముద్రాన్ని ఆనుకొని సాగింది. గోల్ఫ్ జువాన్ స్టేషను రాగానే అబ్బాయి ఒక సంగతి చెప్పాడు. 2015 జులైలో సౌదీ రాజు సల్మాన్ గారు ఆ ప్రాంతంలోని తమ భవనంలో విశ్రాంతికి వచ్చారు. భద్రత పేరిట భవనం దిగువనున్న ప్రజాతీరాన్ని అధికారులు మూసివేశారు. భవనం నుండి ఇసుకలోకి దిగేందుకు లిఫ్టు కోసం కాంక్రీటు కూడా పోశారు. ఆ తీరం అందరిదని నిరసిస్తూ లక్షమందికి పైగా సంతకాలు చేశారు. దాదాపు ఎనిమిది రోజులకే రాజుగారు మొరాకోకు తరలివెళ్లగా తీరం మళ్లీ తెరుచుకుంది. ఇది విన్నప్పుడు నాకు కలిగిన భావాన్ని దాచుకోను. రెండు పవిత్ర మస్జిదుల సేవకుడనే బిరుదు వహించిన వారి పేరు, పిల్లల ఆటస్థలం మూసివేతతో ముడిపడి వినవలసి రావడం బాధ కలిగించింది.

కేన్స్‌లో దిగి, ఉత్సవాలు జరిగే పెద్ద భవనం పక్కనున్న ఉచిత తీరానికి చేరుకున్నాం. అక్కడి నుండి క్రొయిజెట్ అనే రాజవీధి వెంట గొప్ప గొప్ప హోటళ్లు బారులు తీరి ఉన్నాయి. వాటికెదురుగా ఇసుకపై ఒకే రంగు గొడుగులు, మెత్తటి పరుపు కుర్చీలు, తెల్లచొక్కాల పనివారు. అక్కడ కూర్చోవాలంటే డబ్బు చెల్లించాలి. ఇవతల మావంటి వాళ్లు. ఇంటి నుండి తెచ్చుకున్న తువ్వాళ్లు, డబ్బాల్లో భోజనం, ఇసుకలో పొర్లే పిల్లలు.

మనవడు నీటి అంచున పరుగెత్తుతూ హోటలు గొడుగుల ముందుకు వెళ్లిపోయాడు. ఎవరైనా కసురుతారేమోనని నేను కంగారుపడి లేచాను. ఎవరూ ఏమీ అనలేదు. "అటువైపు కూడా నీటి పక్కన నడిచే దారి అందరిదే అమ్మీ" అన్నాడు అబ్బాయి. 1986 నాటి తీరప్రాంత చట్టం ప్రకారం పాదచారులకు తీరాలు స్వేచ్ఛగా తెరిచి ఉండాలట. 2006 నాటి నిబంధనల ప్రకారం సహజమైన తీరంలో 80 శాతం, మనుషులు నిర్మించిన తీరంలో 50 శాతం ఖాళీగా వదలాలట. కుర్చీలు అద్దెకిచ్చుకోవచ్చు గాని సముద్రాన్ని ఎవరూ అద్దెకు తీసుకోలేరన్నమాట.

నేను ఒక మూల ఒదిగి కూర్చున్నాను. నా వయసే ఉన్న ఒక ఫ్రెంచి స్త్రీ నా తలగుడ్డను చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. కాసేపటికి ఎండ నా ముఖం మీదికి వచ్చింది. ఆమె లేచి, తన గొడుగును కొంచెం ఇటు జరిపి పాతి, నీడ నామీద పడిందో లేదో చూసుకొని తన పుస్తకంలో మునిగిపోయింది. ఆ పూట మా మధ్య నడిచిన సంభాషణ అంతే. పొద్దుట్నుంచీ నాలో ఉన్న జంకు మాత్రం మళ్లీ కనబడలేదు.

బయలుదేరేముందు కాళ్లు కడుక్కోవడానికి మెట్ల దగ్గరి కుళాయి వద్ద వరుసలో నిలబడ్డాం. వంతు రాగానే మనవడు నీళ్లు చల్లుకుంటూ అడిగాడు: "దాదీ, మన ఊళ్లో ఇంటి గోడకు కూడా కుళాయి ఉండేది కదా! ఎందుకు తీసేశారు?"

నేను జవాబు చెప్పలేకపోయాను.

మాది నరసరావుపేట. వేసవి వస్తే నీటికి ఇబ్బందే. మా వారు బ్రతికి ఉన్నప్పుడు, మా బోరునీటిని ప్రహరీ బయటికి ఒక గొట్టం ద్వారా తెచ్చి, వీధివారి కోసం కుళాయి పెట్టించారు. ఆయన కన్నుమూసిన మూడో ఏట నేను దాన్ని తీయించివేశాను. గుమ్మం ముందు బురద, బిందెల దగ్గర తగాదాలు, మోటారు కరెంటు బిల్లు – ఇవన్నీ చెప్పాను. ఎదురుగా ఎవరూ ఏమీ అనలేదు. వెనక వీధి ఆడవాళ్లు ట్యాంకరు కోసం ఎండలో నడిచివెళ్లడం కిటికీలోంచి చూసి తెర వేసుకున్న రోజులున్నాయి.

నీరు, పచ్చిక, నిప్పు – ఈ మూడింటిలో ప్రజలు భాగస్వాములని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ ఉస్మాన్ (ర) మదీనాలో రూమా బావిని కొని ప్రజలకు అంకితం చేసిన వృత్తాంతాన్ని నేనే మా ఆడవాళ్ల సమావేశంలో ఎన్నోసార్లు చెప్పాను. పొద్దున రైల్లో రాజుగారి సంగతి విని నొచ్చుకున్న మనసు, సాయంత్రానికి నా గోడవైపు తిరిగింది. ఆయన మూసింది ఎనిమిది రోజులు. నేను మూసి అప్పటికి రెండేళ్లు. పైగా అది నా భర్త వదిలివెళ్లిన సదఖయె జారియా.

తిరుగు రైల్లోనే తమ్ముడికి ఫోను చేశాను.

"ఆపా, మళ్లీ బురద అవుతుంది" అన్నాడు.

"కింద సిమెంటు గచ్చు వేయించు. నీళ్లు పోయేందుకు కాలువ తీయించు. ఖర్చు నాది" అన్నాను.

నేను ఊరు చేరేనాటికి కుళాయి సిద్ధంగా ఉంది. మర్నాడు ఫజ్ర్ నమాజు తర్వాత బిందెల చప్పుడు విని బయటికి వెళ్లాను. వెనక వీధి ఆమె బిందె నింపుకుంటూ నన్ను చూసి, "ఈసారి ఎన్నాళ్లుంచుతారమ్మా?" అని అడిగింది. ఆమె మాటలో నిష్ఠూరం లేదు. ఏ రోజు నుండి ట్యాంకరుకు వెళ్లాలో ముందుగా తెలుసుకోవాలని మాత్రమే అడిగింది.

"ఇన్‌షా అల్లాహ్, ఇక తీయను" అన్నాను. బిందె ఎత్తి ఆమె నడుముకు అందించాను.

ఈ మాటపై నిలబడే శక్తిని అల్లాహ్ నాకు ప్రసాదించుగాక! ఆమీన్.