బోర్డు కొనేముందు

వేల్పూర్‌ల పసుపు కొనేటాయన కొమ్ము విరిచి లోపలి రంగు చూడనిదే ధర మాట్లాడడు. సర్వర్ మదర్‌బోర్డు దగ్గరికొచ్చేసరికి మాత్రం డబ్బా మీద ‘లైనక్స్ సపోర్ట్’ అని ఉంటే చాలనుకుంటరు మనోళ్లు. చూడాల్సింది బోర్డు మీది చిప్పులు.

నెట్‌వర్క్‌కు ఇంటెల్ ఐ210, ఐ350 అయితే ఐజీబీ డ్రైవర్ కర్నెల్‌లనే ఉంటది, ఏండ్లుగా నలిగిన సరుకు. బ్రాడ్‌కామ్ చిప్పులు కొన్నిటికి ఫర్మ్‌వేర్ విడిగా కావాలె. 2023ల వచ్చిన డెబియన్ 12 నుంచి అది ఇన్‌స్టాలర్‌తోనే వస్తున్నది, ఆ తిప్పలు తగ్గినయ్. బోర్డుతో వచ్చే రెయిడ్‌ను నేనైతే ముట్టను. చాలావాటిల్ల పని చేసేది ప్రాసెసరే, పేరే బోర్డుది. లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్ ఎండీఅడ్మ్ పెట్టుకుంటే రేపు బోర్డు కాలినా డిస్కులు ఇంకో మెషిన్‌ల నడుస్తయ్.

తప్పులు తానే సరిదిద్దుకునే ఈసీసీ మెమరీ సరే. ఊళ్లె పెట్టే సర్వర్‌కు అసలు కావాల్సింది బీఎంసీ, అంటే దూరం నుంచి మెషిన్‌ను చూసుకునే చిప్పు. ఆస్పీడ్ ఏఎస్‌టీ2500 లాంటిది ఉన్న బోర్డైతే హైదరాబాద్‌ల కూసొని బయోస్ స్క్రీన్ దాకా చూడొచ్చు, బంద్ చేసి మళ్ల చాలు చేయొచ్చు. (కొన్ని కంపెనీలు దీనికీ లైసెన్సు పైసలడుగుతయ్! బీఎంసీ పాస్‌వర్డ్ మార్చుకోండ్రి, దాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు మాత్రం తెరువకండ్రి.)

పాత బోర్డు కొంటున్నరా? లైవ్ యూఎస్‌బీ జేబుల ఏసుకొని పోండ్రి. అమ్మేటాయన ముంగటనే ‘ఎల్ఎస్‌పీసీఐ -కె’ కొట్టి, నెట్‌వర్క్, స్టోరేజీ చిప్పుల కింద డ్రైవర్ పేరు కనవడ్డంకనే పైసలియ్యిండ్రి.