కృతజ్ఞత ఎవరికి?

ఆపద గడిచి బయటపడ్డ మనిషికి రెండు కోరికలు పుడతాయి. ఎవరికో వొకరికి దండం పెట్టాలనిపిస్తుంది. నలుగుర్నీ పిలిచి కడుపునిండా అన్నం పెట్టాలనిపిస్తుంది. యీ రెండూ కలిస్తే పండుగ. హైదరాబాదు పాతబస్తీ యిందుకు మంచి సాక్ష్యం. 1591లో మహమ్మారి తగ్గినందుకు కృతజ్ఞతగా చార్మినారు కట్టారని యిక్కడి జనం చెప్పుకుంటారు. చరిత్రకారులందరూ దీన్ని వొప్పుకోరు. హిజ్రీ శకానికి వెయ్యేళ్లు నిండుతున్న సందర్భంగా కట్టారనేవారూ వున్నారు. కాని జనం మాత్రం మొదటి కథనే అట్టిపెట్టుకున్నారు. వూరి నడిబొడ్డున నిలిచిన కట్టడం, చావు తప్పించుకున్నవాళ్లు పెట్టిన దండానికి గుర్తుగా వుండాలని వాళ్ల కోరిక కాబోలు.

చార్మినారుకు దక్షిణాన, నడిచిపోగల దూరంలో లాల్‌దర్వాజా వుంది. ఆషాఢమాసంలో అక్కడ జరిగే బోనాల పండుగ కూడా అటువంటి దండమే. బోనాలు జంటనగరాల్లో యింతగా పాతుకుపోవడానికి 1813 నాటి మహమ్మారిని కారణంగా చెబుతారు. ఉజ్జయినిలో వున్న యిక్కడి సైనికులు అక్కడి మహంకాళికి మొక్కుకున్నారనీ, తిరిగివచ్చి సికింద్రాబాదులో అమ్మవారిని ప్రతిష్ఠించారనీ కథ. లాల్‌దర్వాజా సింహవాహిని గుడికి 1908 మూసీ వరద కథ వుంది. మహారాజా కిషన్ పర్షాద్ సలహామీద ఆరో నిజాము మూసీకి పూజ చేశాడనీ, అప్పుడు వరద తీసిందనీ అంటారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్రపండుగగా ప్రకటించింది.

భోజనమనే మాటే బోనమయింది. కొత్త కుండకు పసుపూ సున్నమూ పూసి, వేపమండలు కట్టి, లోపల పాలూ బెల్లమూ వేసి వండిన అన్నం పెట్టి, పైన దీపం వెలిగిస్తారు. ఆడవాళ్లు దాన్ని తలమీద పెట్టుకొని గుడికి నడుస్తారు. ఆషాఢంలో అమ్మవారు పుట్టింటికి వస్తుందని నమ్మకం. వచ్చిన ఆడపడుచుకు అన్నం పెట్టి పంపడమే యీ పూజ.

మన మిత్రుల్లో కొందరు దీన్ని మూఢవిశ్వాసమని వొక్కమాటతో తోసేస్తారు. మరికొందరు ప్రజల సంస్కృతి గనుక పరీక్ష అక్కరలేదని నెత్తికెత్తుకుంటారు. రెండూ ఆలోచించే శ్రమ తప్పించుకొనే మార్గాలే. పిల్లలున్న యింట్లో యీ రెండూ చెల్లవు. పిల్లలు అడుగుతారు.

వొక బోనాల ఆదివారం మా యింట్లో బంధువులంతా చేరారు. పిల్లలు పసుపు చేతులతో తిరుగుతున్నారు. బడిలో అప్పుడే అంటురోగాల పాఠం చదివిన మనవడు అడిగాడు: "తాతా, కలరా నీళ్లతోని వస్తదని మా సారు చెప్పిండు. మరి అమ్మవారు ఎట్ల తీసేసింది?"

నేను నోరు విప్పేలోగానే వాళ్ల అమ్మమ్మ అందుకుంది. "అమ్మవారు సల్లంగ సూసింది గనుకనే మనకు మంచినీళ్లొచ్చినయ్, బిడ్డా."

ఆరేళ్ల మనవరాలు కాసేపు ఆలోచించి, "అయితే నల్లా పెట్టినాయనకు గూడ బోనమెత్తాలె గద, అమ్మమ్మా!" అన్నది.

అందరం నవ్వాం. పండుగకని పుట్టింటికి వచ్చి తెల్లవారుజామునుంచీ పొయ్యి దగ్గరే నిలబడివున్న మా అమ్మాయి లోపలినుంచి, "పొద్దుగాల్నుంచి వంటింట్ల ఉన్నోళ్లకు సుత జర దండం పెట్టుండ్రి" అన్నది. యీసారి ఎవరూ నవ్వలేదు. వాళ్ల అన్న లేచి వెళ్లి గంటె అందుకున్నాడు.

ఆరేళ్ల పిల్ల మాటలో వున్న తర్కం మన చరిత్రపుస్తకాలు చాలావాటిలో లేదు. కలరా నీటిద్వారా వ్యాపిస్తుందని 1854లో లండనులో జాన్ స్నో చూపించాడు. 1884లో కలకత్తా చెరువునీటిలోనే రాబర్ట్ కోఖ్ ఆ రోగక్రిమిని పట్టుకున్నాడు. ఆ తరవాత కలరాను వెనక్కు నెట్టినవి శుభ్రమైన నీళ్లూ, మురుగుకాలవలూ. వాటిని తవ్విన చేతులకు ఎవరూ ఏ పండుగా చెయ్యలేదు.

మూసీ సంగతి యింకా స్పష్టం. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో పదిహేను వేలమంది పోయారని అంచనా. ఉర్దూకవి అంజద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతుర్నీ ఆ నీళ్లకే పోగొట్టుకొని వొంటరిగా మిగిలాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు నూటయాభైమంది బతికారు. యిప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు యింకా వుంది. మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి, పైన జలాశయాలు కట్టి నదిని ఆపాలని పథకం వేశాడు. 1920లో మూసీమీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసామీద హిమాయత్‌సాగర్ పూర్తయినాయి. వూరిని కాపాడటంతోపాటు తాగునీరూ యిచ్చాయి. వొకదానికి రాజు పేరు, యింకొకదానికి ఆయన కొడుకు పేరు పెట్టారు. మట్టి మోసినవాళ్ల పేర్లు ఏ గట్టుమీదా లేవు.

యిక్కడే అసలు చిక్కు. కృతజ్ఞత మంచి గుణమే. కాని అది ఎటు పారాలో నిర్ణయించేది ఎవరు? నిజాం నాటి తెలంగాణ పల్లెల్లో వెట్టిచేసే మనిషికి "దొర వుప్పు తిన్నావు, విశ్వాసంగా వుండు" అని నేర్పారు. పొలం దున్ని, కోత కోసి, గడీకి ధాన్యం మోసినవాడే, ఆ ధాన్యంలోంచి గుప్పెడు విదిల్చినవాడికి రుణపడ్డాడు! నిజానికి రుణం రెండోవైపునుంచి రావలసివుంది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధపోరాటం భూమితోపాటు యీ లెక్కనూ సవాలు చేసింది. వెట్టివాడు తలెత్తి, ఎవరి వుప్పు ఎవరు తిన్నారని అడిగాడు.

యీ లెక్క మన వొక్కరిదే కాదు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ల పిల్లలు నవంబరు నాలుగో గురువారం నాడు థాంక్స్‌గివింగ్ పండుగ చేసుకుంటున్నారు. యిల్లంతా వొకచోట చేరి భోంచేసి, వున్నదానికి సంతోషించే రోజు అది. 1621లో ప్లిమత్ వలసదారులు పంట చేతికొచ్చాక చేసుకున్న విందుకు దాన్ని ముడిపెడతారు. ఆ విందులో వాంపనోగ్ జాతివారు కూడా కూచున్నారు. మొక్కజొన్న వేసే విధానం వలసదారులకు నేర్పింది ఆ నేలవాళ్లే. 1863లో లింకన్ దాన్ని జాతీయదినంగా ప్రకటించాడు. 1970 నుంచీ అదే రోజున, అదే ప్లిమత్‌లో, ఆదివాసులు సంతాపదినం జరుపుతున్నారు. విత్తనం నాటడం నేర్పినవాడి నేల పోయింది. దండం దేవుడికి చేరింది. ఆ బల్లముందు కూచున్న పిల్లలకు యీ సగం కథ కూడా తెలియాలి.

2020లో యిదంతా మన కళ్లముందే జరిగింది. కోవిడ్‌వల్ల ఆ యేడు బోనాలు యిళ్లలోనే చేసుకోవలసివచ్చింది. అంతకుముందు, మార్చి 22న, దేశమంతా గుమ్మాల్లో నిలబడి వైద్యసిబ్బందికి చప్పట్లు కొట్టింది. పారిశుద్ధ్య కార్మికులకు పూలదండలు పడ్డాయి. దండలు వాడిపోయాయి. మనవూరి బల్దియాలో చీపురు పట్టినవాళ్లలో చాలామంది కాంట్రాక్టు కూలీలుగానే మిగిలారు. అదే సంవత్సరం అక్టోబరులో కుండపోత వానకు చెరువుల కట్టలు తెగి పాతబస్తీలో హాఫిజ్‌బాబానగర్, అల్‌జుబైల్ కాలనీ మునిగాయి. చెరువుల్నీ నాలాల్నీ మింగినవాళ్ల యిళ్లలోకి నీళ్లు రాలేదు. వచ్చినచోట హిందువా ముస్లిమా అని నీళ్లు అడగలేదు. యీ పాతబస్తీ వీధుల్లోనే మొహర్రంలో బీబీకా ఆలం ఏనుగుమీద వెళుతుంది. బోనాల్లో అక్కన్న మాదన్న గుడి ఘటమూ ఏనుగుమీదే వెళుతుంది. మొక్కులు వేరయినా భయం వొక్కటే. ఆ భయాన్ని తీర్చగలవి చెరువులూ కాలవలూ ఆసుపత్రులూ. అవి దయగా అడుక్కొనేవి కావు, హక్కుగా రాబట్టుకొనేవి.

అందుచేత పిల్లలకు బోనం మాన్పించమని నేననను. కుండ చేసిన కుమ్మరి వాడ ఎక్కడుందో వాళ్లకు చూపించండి. వండే పని మొగపిల్లలకూ పంచండి. గండిపేట కట్టమీదికి తీసుకువెళ్లి, దాన్ని ఎంతమంది మోసి కట్టివుంటారో వూహించమనండి. పండుగ మర్నాడు వేకువనే వేపమండలూ, విస్తళ్లూ, కొబ్బరిచిప్పలూ వూడ్చే ఆడమనిషి వస్తుంది. ఆమెకు మిగిలిన అన్నం పెట్టడం కృతజ్ఞత అనిపించుకోదు. ముందురోజే విస్తట్లో ఆమెకు చోటుండాలి. అంతకన్నా ముఖ్యం, ఆమె జీతంకోసం సమ్మెకు దిగినరోజున, వీధిలో చెత్త పేరుకుపోయిందని విసుక్కోకుండా మనం ఆమె పక్కన నిలబడటం. దండం పెట్టడం పిల్లలకు మనం నేర్పకపోయినా వస్తుంది. పక్కన నిలబడటం మాత్రం మనల్ని చూసే నేర్చుకుంటారు.